సంస్థ సర్వర్లను డెబియన్‌కి మార్చడం ఎలా: జాబితా నుంచి పాత మెషీన్ ఆపేదాకా

లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్‌ని ఇన్‌స్టాల్ చెయ్యడానికి అరగంట చాలు. సమయమంతా తినేది పాత సర్వర్ ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా చేసుకుపోతున్న పనులను కనిపెట్టడం. ఈ గైడ్ మూడు నుంచి పది సర్వర్లున్న సంస్థల కోసం రాసింది: ఉద్యోగుల లాగిన్లు, షేర్డ్ ఫోల్డర్లు, ఒక వెబ్‌సైట్, ఒకటో రెండో డేటాబేస్‌లు, ప్రింటర్లు. ఇప్పుడు నడుస్తున్నది విండోస్ సర్వర్ అయినా, గడువు తీరిన సెంటాస్ (ఇంకో రకం లినక్స్) అయినా దారి దాదాపు ఒకటే. ఇద్దరు మనుషులు రోజువారీ పనులు చూసుకుంటూ చేస్తే రెండు మూడు నెలలు పడుతుంది. తొందరపడితే ముందు కోత పడేది పరీక్షలకే, కాబట్టి గడువు ఒప్పుకునే ముందే ఆ సంగతి పైవాళ్లకు చెప్పండి.

మొత్తం పనికీ ఒకటే సూత్రం పెట్టుకోండి. మెషీన్ల లెక్కన మార్చకండి, సర్వీసుల లెక్కన మార్చండి. ఒక్కో సర్వీసుకీ మూడు విషయాలు కాగితం మీద ఉండాలి: పనిచేస్తోందని ఎలా తేల్చుకుంటాం, తేడా వస్తే వెనక్కి ఎలా వెళ్తాం, ఏ గంట దాటాక ఇక వెనక్కి వెళ్లలేం. మూడోదాన్ని చాలామంది రాయరు. ఎక్కువ నష్టం జరిగేది అక్కడే.

1. జాబితా: కనీసం ఒక నెలాఖరు గడిచేదాకా

పాత సర్వర్ల మీద ఏ పోర్టులు (ఒక్కో సర్వీసూ కనెక్షన్లు తీసుకునే నంబర్లు) తెరిచి ఉన్నాయో, వాటికి ఎక్కడెక్కడి నుంచి కనెక్షన్లు వస్తున్నాయో రికార్డు చెయ్యండి. విండోస్‌లో నెట్‌స్టాట్, లినక్స్‌లో ఎస్‌ఎస్ కమాండ్ సరిపోతాయి. పది నిమిషాలకోసారి నడిపి ఫైల్లో చేర్చుకుంటూ పోండి. ఒక వారం చూసి ఆపకండి. జీతాల లెక్క, నెలవారీ రిపోర్టు, బిల్లింగ్ లాంటివి నెలకోసారే మేలుకుంటాయి. ఒక నెలాఖరు తప్పకుండా ఈ పరిశీలనలో పడాలి.

తర్వాత షెడ్యూల్డ్ టాస్కులు, షేర్లు, సర్వీసులు, ప్రింటర్ క్యూలు, ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్లు, వాటి గడువు తేదీలు ఒక స్ప్రెడ్‌షీట్‌లో రాయండి. ఒక్కో వరుసలో ఉండాల్సినవి: సర్వీసు పేరు, పోర్టు, డేటా ఉన్న చోటు, దాని పరిమాణం, వాడే విభాగం, ఆగిపోతే ఫోన్ చేసే మనిషి, దాని స్థానంలో రాబోయేది.

కంటికి ఆననివి కొన్ని ప్రతిచోటా ఉంటాయి. స్కాన్ చేసిన కాగితాన్ని నేరుగా షేర్డ్ ఫోల్డర్లో వేసే జిరాక్స్ మెషీన్. హాజరు వేసే బయోమెట్రిక్ యంత్రం. మెయిల్ పంపడానికి సర్వర్‌ని రిలేగా వాడుకునే యూపీఎస్. ఎప్పుడో ఎవరో ఎక్సెల్ ఫైల్లో పేరుకు బదులు నేరుగా రాసేసిన ఐపీ అడ్రస్. వీటికి స్క్రీన్ మీద ఎర్రర్ రాదు, పని ఆగిపోతుంది అంతే. అందుకే కనెక్షన్ల రికార్డులో కనిపించిన ప్రతి ఐపీకీ ఒక పేరు దొరికేదాకా జాబితా పూర్తి కానట్టే.

చివరగా అన్నిటినీ మూడు గుంపులుగా వేరు చెయ్యండి: ఉన్నదున్నట్టు మారేవి, వేరే సాఫ్ట్‌వేర్‌తో మారేవి, మారనివి. యూఎస్‌బీ డాంగిల్ అడిగే అకౌంటింగ్ ప్యాకేజీ, పాత ఏఎస్‌పీ డాట్‌నెట్ వెబ్‌ఫామ్స్ అప్లికేషన్ మూడో గుంపులోకి వస్తాయి. వాటిని ఒక వర్చువల్ మెషీన్‌లో పాత ఓఎస్‌తోనే ఉంచండి, ఇంటర్నెట్ వైపు దారి మూసెయ్యండి, మిగతా పని కానివ్వండి. ఆ ఒక్కదాని కోసం మొత్తం ప్రాజెక్టును ఆపడం దండగ.

2. ఏ డిస్ట్రిబ్యూషన్ (లినక్స్ రకం)

సెంటాస్ 8కి 2029 దాకా సపోర్టు ఉంటుందని నమ్మి ఎక్కినవాళ్లకు 2021 డిసెంబర్ 31తోనే అది ఆగిపోయింది. సెంటాస్ 7 గడువు 2024 జూన్ 30న ముగిసింది. కాబట్టి ఎంచుకునేటప్పుడు ఫీచర్ల కంటే ముందు రెండు ప్రశ్నలు వెయ్యండి: దీన్ని ఎవరు నడుపుతున్నారు, ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారు.

డెబియన్ ఏ కంపెనీ చేతిలోనూ లేదు, 1993 నుంచి స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లే నడుపుతున్నారు. ఒక్కో వెర్షన్‌కి మూడేళ్ల పూర్తి సపోర్టు, ఆపైన రెండేళ్ల ఎల్‌టీఎస్ (పొడిగించిన సపోర్టు). డెబియన్ 13 2025 ఆగస్టులో వచ్చింది. ఉబుంటు ఎల్‌టీఎస్‌కి ఐదేళ్లు. మీ అప్లికేషన్ రెడ్‌హ్యాట్ కుటుంబం మీదే నడుస్తుందని తయారీదారు రాసిచ్చి ఉంటే ఆల్మా లినక్స్ గానీ రాకీ లినక్స్ గానీ తీసుకోండి, వాటికి పదేళ్లు. అలాంటి షరతు లేకపోతే డెబియన్ తీసుకొమ్మనే మా సలహా. ఏది తీసుకున్నా అన్ని సర్వర్లకూ అదొక్కటే ఉండాలి. నాలుగు రకాలు పెట్టుకుంటే ప్రతి సెక్యూరిటీ అప్‌డేట్‌కీ నాలుగు సార్లు పరీక్షించాలి.

3. బ్యాకప్ తీసి, తిరిగి పోసి చూడండి

బ్యాకప్ పూర్తయిందని చెప్పే పచ్చ టిక్కును నమ్మకండి. ఒక ఖాళీ మెషీన్ మీద పాత డేటాబేస్‌ని, ఒక విభాగం ఫోల్డర్‌ని తిరిగి పోసి, రోజూ వాడేవాళ్లను పిలిచి తెరిపించండి. మూడు కాపీలు, రెండు రకాల మీడియా, ఒకటి వేరే భవనంలో. అందులో ఒకటి నెట్‌వర్క్‌కి తగలకుండా విడిగా ఉండాలి. రెయిడ్‌ను (ఒకే డేటాను రెండు డిస్కుల్లో ఒకేసారి రాసే ఏర్పాటును) బ్యాకప్ కింద లెక్కెయ్యకండి. పొరపాటున డిలీట్ చేసిన ఫైల్‌ని రెయిడ్ రెండు డిస్కుల నుంచీ ఒకేసారి తీసేస్తుంది.

4. కొత్త మెషీన్ సిద్ధం చెయ్యడం

వర్చువలైజేషన్‌కి (ఒకే మెషీన్‌లో చాలా వర్చువల్ మెషీన్లు నడపడానికి) ప్రాక్స్‌మాక్స్ లేదా మామూలు డెబియన్ మీద కేవీఎం వాడండి. ఒక్కో సర్వీసుకి ఒక్కో చిన్న వర్చువల్ మెషీన్ ఉంటే వెనక్కి వెళ్లడం స్నాప్‌షాట్ (మెషీన్ ఆ క్షణంలో ఉన్న స్థితి కాపీ) అంత తేలిక. మదర్‌బోర్డు బయోస్‌లో వచ్చే సగం సాఫ్ట్‌వేర్ రెయిడ్‌ని ఆపేసి, లినక్స్ రెయిడ్ టూల్ ఎండీఏడీఎంతో రెయిడ్ 1 కట్టండి. ఒక డిస్కు పోయినప్పుడు ఎండీఏడీఎం మెయిల్ పంపేలా చెయ్యడం, ఆ మెయిల్ నిజంగా వస్తోందని పరీక్షించడం మర్చిపోవద్దు. మొదటి డిస్కు పోయిన సంగతి రెండోది పోయాకే తెలియడం సర్వర్ గదుల్లో మామూలుగా జరిగేదే.

పైన ఎల్‌వీఎం (డిస్కు చోటును వాల్యూములుగా పంచే పొర) వేసి, దాదాపు మూడో వంతు చోటు ఎవరికీ కేటాయించకుండా వదిలెయ్యండి. ఎక్కడ చోటు చాలకపోతే అక్కడికి నడుస్తుండగానే పెంచుకోవచ్చు. లాగ్‌లు ఉండే వార్ (/var) డైరెక్టరీకి వేరే వాల్యూమ్ ఇవ్వండి, అవి నిండినా రూట్ (సిస్టమ్ ఉండే వాల్యూమ్) నిండదు. ఫైల్ సిస్టమ్‌లలో ఎక్స్‌ఎఫ్‌ఎస్‌ని పెంచగలరే తప్ప తగ్గించలేరు. మీకు అలవాటు లేకపోతే ఈఎక్స్‌టీ4తోనే ఉండండి.

నెట్‌వర్క్ కార్డు పేరు పాత లినక్స్‌లో లాగా ఈటీహెచ్0 అని రాదు, కార్డు ఉన్న స్లాటుని బట్టి వస్తుంది. పాత ఫైర్‌వాల్ స్క్రిప్టులు తెచ్చి అతికిస్తే ఏ రూలూ వర్తించకుండా, ఏ ఎర్రరూ చెప్పకుండా ఉండిపోవచ్చు. రూల్స్‌ని ఇప్పటి లినక్స్ ఫైర్‌వాల్ ఎన్‌ఎఫ్‌టేబుల్స్‌లో కొత్తగా రాసుకోవడమే మేలు.

మిగతావి చకచకా అయిపోతాయి: క్రోనీతో టైమ్ సింక్, ఎస్‌ఎస్‌హెచ్‌కి (దూరం నుంచి లాగిన్) కీ మాత్రమే, పాస్‌వర్డ్ లాగిన్ బంద్, సెక్యూరిటీ అప్‌డేట్లకు అనటెండెడ్ అప్‌గ్రేడ్స్, సెట్టింగులుండే ఈటీసీ డైరెక్టరీలో జరిగే మార్పుల చరిత్రకు ఈటీసీకీపర్. ఈ పనులన్నీ ఆన్సిబుల్ ప్లేబుక్‌గా (ఆటోమేటిక్‌గా నడిచే సూచనల ఫైల్‌గా) రాసుకుంటే రెండో సర్వర్ నుంచి పది నిమిషాల పని.

5. ఏది ముందు, ఏది చివర

పర్యవేక్షణ, టైమ్, ప్రింటింగ్ ముందు. తర్వాత వెబ్‌సైట్, డేటాబేస్. ఆ తర్వాత ఫైల్ సర్వర్. లాగిన్లను చూసే డైరెక్టరీ అన్నిటికంటే చివర. ఫైల్ సర్వర్‌ని మార్చేటప్పుడు పాత యాక్టివ్ డైరెక్టరీ (విండోస్ లాగిన్ల డైరెక్టరీ) ఇంకా బతికే ఉంటుంది. కొత్త సాంబా (లినక్స్ మీద విండోస్ షేర్లు నడిపే సాఫ్ట్‌వేర్) సర్వర్ దానికి మెంబర్‌గా చేరుతుంది. ఉద్యోగుల పాస్‌వర్డ్‌లు మారవు, ఒకేసారి రెండు మార్పులు జరగవు.

6. ఫైల్ సర్వర్: ఎక్కువ జాగ్రత్త ఇక్కడే

కాపీకి ముందు ఫైల్ పేర్లు చూడండి. విండోస్ ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో పేరు 255 క్యారెక్టర్ల దాకా ఉండొచ్చు. ఈఎక్స్‌టీ4లో హద్దు 255 బైట్లు. ఇంగ్లీషు పేర్లకు రెండూ ఒకటే. తెలుగు పేర్లకు ఒకటి కాదు, ఎందుకంటే లినక్స్ పేర్లను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు గుర్తుకీ మూడు బైట్లు. "స్త్రీ" అనే ఒక్క అక్షరం తీసుకోండి: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. ఆరు గుర్తులు, 18 బైట్లు. అంటే 85 గుర్తులకే హద్దు తగులుతుంది. గుణింతాలు, ఒత్తులు కలిస్తే సుమారు నలభై అక్షరాలు. ఉత్తరం విషయమంతా ఫైల్ పేరుగా పెట్టే అలవాటున్న విభాగంలో ఇలాంటివి బోలెడు దొరుకుతాయి. ఆ ఫైళ్లు కొత్త సర్వర్‌లోకి రావు. పవర్‌షెల్‌లో ఒక్కో పేరును యూటీఎఫ్-8గా మార్చి పొడవు లెక్కపెట్టించి, 255 దాటినవాటి జాబితాను ఆయా విభాగాలకు ఇచ్చి వాళ్లచేతే పేర్లు కుదించండి.

విండోస్ నుంచి సాంబా షేర్‌లోకి కాపీకి రోబోకాపీ (విండోస్‌తో వచ్చే కాపీ కమాండ్) వాడండి, దాని ఆప్షన్ ఇస్తే పర్మిషన్లు కూడా వస్తాయి. సాంబాలో విండోస్ పర్మిషన్లను దాచే ఏసీఎల్ ఎక్స్ఆట్టర్ మాడ్యూల్ ముందే పెట్టి ఉండాలి. మొదటి కాపీ రెండు మూడు రాత్రులు పట్టవచ్చు. తర్వాత రోజూ రాత్రి మారినవి మాత్రమే. మార్పిడి రోజు పాత షేర్లను చదవడానికి మాత్రమే ఉండేలా చేసి చివరి కాపీ నడపండి, అది నిమిషాల్లో అయిపోతుంది.

ఒక ప్రమాదం ఇక్కడే పొంచి ఉంటుంది. రోబోకాపీ మిర్రర్ ఆప్షన్ గమ్యంలో అదనంగా ఉన్న ఫైళ్లను తుడిచేస్తుంది. రాత్రి కాపీ కోసం పెట్టిన షెడ్యూల్డ్ టాస్క్‌ని మార్పిడి తర్వాత ఆపడం మరిచిపోయారనుకోండి. సోమవారం ఉద్యోగులు కొత్త సర్వర్‌లో రోజంతా పనిచేస్తారు. రాత్రి ఆ టాస్క్ మేలుకుని, పాత సర్వర్‌లో లేవు కాబట్టి సోమవారం పుట్టిన ఫైళ్లన్నీ తీసేస్తుంది, మారినవాటి మీద పాతవి పోస్తుంది. ఆ టాస్క్‌ని ఆపడం మార్పిడి జాబితాలో మొదటి లైనుగా రాయండి, ఇద్దరు చూసి సంతకం పెట్టండి.

లినక్స్ నుంచి లినక్స్‌కి అయితే ఆర్‌సింక్ కాపీ కమాండ్. ఏసీఎల్ (వివరమైన పర్మిషన్ల జాబితా), ఎక్స్‌టెండెడ్ ఆట్రిబ్యూట్లు, హార్డ్ లింకులు కూడా రావాలంటే వాటి ఆప్షన్లు విడిగా ఇవ్వాలి, మామూలు ఆర్కైవ్ ఆప్షన్‌లో ఇవి లేవు. సోర్స్ పేరు చివర స్లాష్ ఉంటే లోపలి సరుకు వస్తుంది, లేకపోతే ఆ ఫోల్డరే వచ్చి కూర్చుంటుంది. కాపీకి ముందే యూజర్లను సృష్టించండి. ఆర్‌సింక్ పేరుని బట్టి యజమానిని కలుపుతుంది. పేరు దొరక్కపోతే పాత నంబరే వేస్తుంది, ఆ నంబరు కొత్త సర్వర్‌లో ఇంకొకరిది కావచ్చు. సెంటాస్ 6లో యూజర్ నంబర్లు 500 నుంచి, డెబియన్‌లో 1000 నుంచి మొదలవుతాయి.

సాంబా మెంబర్ సర్వర్లు రెండుంటే ఐడీమ్యాప్‌కి (విండోస్ యూజర్లకు లినక్స్ నంబర్లు ఇచ్చేది) ఆర్‌ఐడీ పద్ధతి పెట్టండి. టీడీబీ పద్ధతిలో ఎవరు ముందొస్తే వాళ్లకు ముందు నంబరు. ఒకే మనిషికి రెండు సర్వర్లలో రెండు నంబర్లు పడతాయి, ఒకదాని బ్యాకప్‌ని ఇంకోదానిలో పోసినప్పుడు ఫోల్డర్లు చేతులు మారతాయి.

స్కానర్ల సంగతి. సాంబా 4.11 నుంచి, అంటే 2019 నుంచి, ఫైల్ షేరింగ్‌కి వాడే పాత ఎస్‌ఎంబీ1 ప్రోటోకాల్ డిఫాల్ట్‌గా ఆగిపోయింది. కొన్ని పాత జిరాక్స్ మెషీన్లకు అదొక్కటే తెలుసు. వాటి కోసం మొత్తం ఫైల్ సర్వర్‌లో ఎస్‌ఎంబీ1 తెరవకండి. స్కాన్‌ని మెయిల్‌కి మళ్లించండి, లేదా ఒక చిన్న వర్చువల్ మెషీన్‌లో ఆ మెషీన్ల ఐపీలకు మాత్రమే తెరిచి, వచ్చిన ఫైళ్లను అసలు షేర్‌లోకి తరలించండి.

పాత సర్వర్ పేరుతోనే కొత్తది తెరుచుకోవాలంటే డీఎన్‌ఎస్‌లో (పేరుని ఐపీగా మార్చేది) పేరు మారిస్తే సరిపోదు. డైరెక్టరీలో పాత కంప్యూటర్ అకౌంట్ ఉన్నంతకాలం కెర్బెరోస్ (లాగిన్ ప్రోటోకాల్) టికెట్ ఆ అకౌంట్ తాళంతోనే వస్తుంది, కొత్త సర్వర్ దాన్ని విప్పలేదు. ఐపీతో తెరిస్తే తెరుచుకుని, పేరుతో తెరిస్తే అనుమతి లేదని వస్తే కారణం ఇదే. పాత మెషీన్ పేరు మార్చి, ఆ పాత పేరుకి ఎస్‌పీఎన్‌ని (డైరెక్టరీలో సర్వీసు పేరు) కొత్త సర్వర్ అకౌంట్ కింద నమోదు చెయ్యండి.

7. డేటాబేస్, వెబ్‌సైట్

డెబియన్‌లో మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ బదులు వచ్చేది మరియాడీబీ. మైఎస్‌క్యూఎల్ 8 నుంచి తీసిన డంప్‌ని (డేటాబేస్ అంతా రాసిన ఫైల్‌ని) డెబియన్ 12లోని మరియాడీబీ 10.11లో పోస్తే కొలేషన్ (అక్షరాలను పోల్చి వరసపెట్టే నియమం) తెలియదని 1273 ఎర్రర్ వస్తుంది. డంప్ ఫైల్లో ఆ కొలేషన్ పేరును యూటీఎఫ్8ఎంబీ4 యూనికోడ్ కొలేషన్‌గా మార్చి పొయ్యండి. డంప్ తీసేటప్పుడు సింగిల్ ట్రాన్సాక్షన్ ఆప్షన్‌తో పాటు రొటీన్లు, ఈవెంట్లు కూడా అడగండి. అడగకపోతే స్టోర్డ్ ప్రొసీజర్లు డంప్‌లో ఉండవు.

విండోస్‌లో టేబుల్ పేర్లలో పెద్ద, చిన్న అక్షరాల తేడా పట్టింపు లేదు. లినక్స్‌లో ఉంది. కోడ్‌లో ఒకచోట పెద్ద అక్షరాలతో, ఒకచోట చిన్న అక్షరాలతో రాసి ఉంటే సగం పేజీలు పనిచేస్తాయి, సగం చెయ్యవు. వెబ్‌సైట్ బొమ్మల పేర్లకూ ఇదే తంటా.

పోసిన తర్వాత తెలుగు ఉన్న వరుసలు తెరిచి చూడండి. నెత్తిన వాలుగీత ఉన్న ఇంగ్లీషు చిన్న ఏ, పక్కనే డిగ్రీ గుర్తు వరసగా కనిపిస్తే, యూటీఎఫ్-8 బైట్లను ఎక్కడో పాత ఒక-బైటు అక్షర పద్ధతి లాటిన్1గా చదివారన్నమాట. తెలుగు గుర్తులన్నీ ఒకే బైటుతో మొదలవుతాయి కాబట్టి ఆ గుర్తే పదే పదే కనిపిస్తుంది. ఫైల్లోనే చెడిందా, చూపించడంలో చెడిందా అని ముందు తేల్చండి. పాత సర్వర్ ఇంకా ఉంది కాబట్టి క్యారెక్టర్ సెట్ సరిగ్గా ఇచ్చి డంప్ మళ్లీ తీయడమే సులువు. చెడిన డేటాను సర్దుకుంటూ కూర్చోవద్దు.

వెబ్‌సైట్ కోడ్ పీహెచ్‌పీలో ఉంటే దాని వెర్షన్ చూసుకోండి. సెంటాస్ 7తో వచ్చింది 5.4, డెబియన్ 12లో ఉన్నది 8.2. పాత మైఎస్‌క్యూఎల్ ఫంక్షన్లను పీహెచ్‌పీ 7లోనే తీసేశారు. ఆ కోడ్ మార్చడం ప్రోగ్రామర్ పని, మార్పిడి రాత్రి చేసే పని కాదు. ఆల్మా, రాకీ వాడేవాళ్లు ఫైళ్లను హోమ్ డైరెక్టరీ నుంచి వెబ్ డైరెక్టరీకి మూవ్ చేస్తే పర్మిషన్లు సరిగ్గా ఉన్నా 403 (అనుమతి లేదు) ఎర్రర్ వస్తుంది. సెలినక్స్ (ఏ ప్రోగ్రామ్ ఏ ఫైల్ తెరవొచ్చో చూసే భద్రతా పొర) లేబుల్ పాతదే అంటుకుని వచ్చింది. రిస్టోర్‌కాన్ నడిపితే పోతుంది, సెలినక్స్ ఆపెయ్యాల్సిన పని లేదు.

షెడ్యూల్డ్ టాస్కులను లినక్స్ షెడ్యూలర్ అయిన క్రాన్‌కి మార్చేటప్పుడు రెండు పొరపాట్లు తరచూ జరుగుతాయి. విండోస్‌లో రాసిన స్క్రిప్ట్ లైన్ల చివర కనపడని గుర్తు ఉంటుంది, డాస్‌2యూనిక్స్ నడపండి. రెండోది: బ్యాకప్ ఫైల్ పేరులో తేదీ కోసం క్రాన్‌ట్యాబ్ లైనులో % గుర్తు రాస్తారు. క్రాన్ దాన్ని కొత్త లైను అనుకుని అక్కడే కమాండ్ తెంపేస్తుంది. చేత్తో నడిపితే పనిచేస్తుంది, రాత్రిపూట చెయ్యదు. కమాండ్‌ని స్క్రిప్ట్ ఫైల్లో పెట్టి, క్రాన్‌కి ఆ ఫైల్ పేరు మాత్రం ఇవ్వండి.

8. డైరెక్టరీ

ముందు విడిగా ఉన్న పరీక్ష నెట్‌వర్క్‌లో పాత డొమైన్ కంట్రోలర్ (డైరెక్టరీని నడిపే సర్వర్) కాపీతో రిహార్సల్ చెయ్యండి. సాంబా వెర్షన్‌కీ పాత డొమైన్ ఫంక్షనల్ లెవెల్‌కీ (డొమైన్ నడుస్తున్న వెర్షన్ స్థాయికీ) పొసుగుతుందో లేదో అక్కడే తేలిపోవాలి. తర్వాత అసలుదానిలో సాంబాని అదనపు డొమైన్ కంట్రోలర్‌గా చేర్చి, రెప్లికేషన్ (మార్పులు ఒకదాన్నుంచి ఇంకోదానికి చేరడం) రెండు వైపులా నడుస్తోందని రెండు మూడు రోజులు చూడండి. సిస్‌వాల్ ఫోల్డర్‌ని సాంబా తనంతట తాను రెప్లికేట్ చెయ్యదు, గ్రూప్ పాలసీలు అందులోనే ఉంటాయి, దాన్ని మీరే కాపీ చెయ్యాలి. ఎఫ్‌ఎస్‌ఎంఓ పాత్రలను (ఒక్కోటి ఒకే కంట్రోలర్ దగ్గర ఉండే బాధ్యతలను) మార్చేటప్పుడు విండోస్ ఐదు అంటుంది, సాంబా టూల్ డీఎన్‌ఎస్ జోన్లవి రెండు కలిపి ఏడు చూపిస్తుంది. ఏడూ మారాలి.

పాతదాన్ని వెంటనే తీసెయ్యకండి. వారం రోజులు ఆపి ఉంచితే ఇంకా దాన్నే వెతుక్కునేవి బయటపడతాయి. తర్వాత ఆన్ చేసి పద్ధతి ప్రకారం డిమోట్ చెయ్యండి (కంట్రోలర్ హోదా తీసెయ్యండి). గడియారాల తేడా ఐదు నిమిషాలు దాటితే కెర్బెరోస్ లాగిన్లు ఆగిపోతాయి. లాగిన్ సమస్య ఏదొచ్చినా మొదట టైమ్ చూడండి, తర్వాత డీఎన్‌ఎస్.

9. మార్పిడి రాత్రి

కనీసం రెండు రోజుల ముందు డీఎన్‌ఎస్ టీటీఎల్‌ని (జవాబును గుర్తుంచుకునే సమయాన్ని) 300 సెకన్లకు తగ్గించండి. విండోస్ డీహెచ్‌సీపీ (మెషీన్లకు ఐపీలు పంచేది) లీజు మామూలుగా ఎనిమిది రోజులు. డీహెచ్‌సీపీ సర్వర్ కూడా మారుతుంటే తొమ్మిది రోజుల ముందే గంటకు కుదించండి. కొత్త డీహెచ్‌సీపీకి కియా వాడండి, దాన్ని తయారుచేసే ఐఎస్‌సీ తన పాత డీహెచ్‌సీపీ సర్వర్ నిర్వహణను 2022లోనే ఆపేసింది. రెండు డీహెచ్‌సీపీలు ఒకే అడ్రసుల్ని ఒకేసారి పంచకూడదు.

శుక్రవారం సాయంత్రం పాతవి చదవడానికి మాత్రమే. చివరి కాపీ. ఫైళ్ల సంఖ్య, మొత్తం పరిమాణం పోల్చండి, ఓ వంద ఫైళ్లకు చెక్‌సమ్ (ఫైల్ మారిందో లేదో చెప్పే లెక్క) చూడండి. తర్వాత ఐపీ మార్చండి. కొత్త మెషీన్ పాత ఐపీ తీసుకుంటే రౌటర్ కాసేపు పాత మ్యాక్ అడ్రస్‌నే (నెట్‌వర్క్ కార్డు చిరునామానే) పట్టుకుని ఉంటుంది. కొత్త మెషీన్ నుంచి ఆర్పింగ్ పంపితే సర్దుకుంటుంది.

ఏ గంటకు వెనక్కి వెళ్లాలో ముందే నిర్ణయించుకోండి. రాత్రి 11కల్లా పరీక్షల జాబితా పూర్తి కాకపోతే వెనక్కి వెళ్తామంటే వెళ్లాలి. "ఇంకో పది నిమిషాలు" అనే మాట తెల్లారేదాకా సాగుతుంది. శని, ఆదివారాలు వెనక్కి వెళ్లే దారి తెరిచే ఉంటుంది. సోమవారం ఉదయం మొదటి ఉద్యోగి మొదటి ఫైల్ సేవ్ చేసిన క్షణం అది మూసుకుపోతుంది, ఎందుకంటే వెనక్కి వెళ్తే ఆ పని పోతుంది. ఆ తర్వాత వచ్చే సమస్య ఏదైనా కొత్త సర్వర్ మీదే సరిచెయ్యాలి. కాబట్టి ఆదివారం మధ్యాహ్నం ప్రతి విభాగం నుంచి ఒకరిని పిలిపించి వాళ్ల సీట్లలో, వాళ్ల లాగిన్‌తో, వాళ్ల రోజువారీ పని చేయించండి: తెరవడం, మార్చడం, సేవ్ చెయ్యడం, ప్రింట్, స్కాన్. అడ్మిన్ లాగిన్‌తో చేసిన పరీక్ష లెక్కలోకి రాదు, దానికి అన్ని తలుపులూ తెరుచుకుంటాయి.

10. తర్వాతి వారాలు

మొదటి వారం రోజూ పొద్దున డిస్కు చోటు, లాగ్‌లోని ఎర్రర్లు, రాత్రి బ్యాకప్ చూడండి. శుక్రవారం కొత్త సర్వర్ బ్యాకప్ నుంచి ఒక ఫోల్డర్ తిరిగి పోసి చూడండి. పాత మెషీన్‌ని నెట్‌వర్క్ కేబుల్ తీసి అలాగే ఉంచండి. ఒక నెలాఖరు గడవాలి, వీలైతే రెండు. మర్చిపోయిన స్క్రిప్ట్ ఏదైనా ఉంటే అప్పుడే తెలుస్తుంది. ఆ తర్వాత డిస్కుల కాపీ ఒకటి తీసి బీరువాలో పెట్టి, పాత డిస్కులను పూర్తిగా తుడిచి, జాబితా స్ప్రెడ్‌షీట్‌లో ఆ వరుసలకు తేదీ వెయ్యండి.